పేట కబుర్లు – 17: సొంత డప్పు



మొన్న ఆదివారం ఇచ్ఛాపురం వైపు నుంచి ఒక తమ్ముడు మా ఇంటికి వచ్చాడు. సంచిలోంచి పుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు. కథలు. మొదటి పుస్తకం. అచ్చు వాసన ఇంకా పోలేదు. అయిదొందల కాపీలు వేయించాడట. వాళ్ళమ్మ డ్వాక్రా సంఘంలో లోను తీసి ఇచ్చిందట. ఆవిష్కరణ సభలో ముప్పై కాపీలు కదిలాయి. అందులో ఇరవై మూడు వేదిక మీద పెద్దలకి, కింద పెద్దలకి ఊరికే ఇచ్చినవే. మిగతావన్నీ మంచం కింద ఉన్నాయి.

"అన్నా, ఇప్పుడేటి సెయ్యాల?" అన్నాడు.

"ముందు విజిటింగ్ కార్డు కొట్టించు తమ్ముడూ" అన్నాను.

నవ్వాడు. "కార్డా? అది ప్లాట్లమ్మేవోళ్ళకీ ఎల్లైసీవోళ్ళకీ కదన్నా! పుస్తకం రాసి, కార్డు జేబులో ఎట్టుకుని తిరిగితే సొంత డప్పు కొట్టుకుంటన్నాడంటారు."

సొంత డప్పు. ఆ మాట దగ్గర ఆగిపోయాను. తమ్ముడికి ఆ పూట చెప్పినవి, చెప్పలేకపోయినవి కలిపి ఈ వారం రాస్తున్నాను.

మా తాత ఊరి బారిక. చాటింపు ఆయన పని. ఎవరి ఆవు తప్పిపోయినా, చెరువులో చేపల వేలం పడినా, శిస్తు కట్టే గడువు దగ్గరపడినా, తాసీల్దారు వస్తున్నా తాతకి కబురొచ్చేది. డప్పు తీసుకుని ఊరంతా తిరిగేవాడు. వీధికి రెండు చోట్ల ఆగి, "ఇందుమూలంగా తెలియజేయడమేమనగా" అని మొదలుపెట్టేవాడు. ఆయన గొంతు ఊరి అవతలి కొబ్బరి తోటల దాకా వినబడేదని ఇప్పటికీ ముసలోళ్ళు చెబుతారు. ఊరి కబురు ఆయన నోటంట రావాలి, ఆయన మాత్రం ఊరి అరుగు ఎక్కకూడదు. యాభై ఏళ్ళు ఊరి డప్పు కొట్టాడు. అందులో ఒక్కసారి కూడా తన పేరు లేదు. తన ఆవు తప్పిపోయినప్పుడు కూడా చాటింపు వేసుకోలేదు. ఆవు లేదు కాబట్టి ఆ అవసరం రాలేదు, అది వేరే సంగతి.

అందుకే తమ్ముడూ, సొంత డప్పు కొట్టుకుంటున్నాడు అని ఎవరైనా అంటే నాకు సిగ్గనిపించదు. మా ఇంట్లో మొదటిసారి ఒకడు సొంత డప్పు కొట్టుకుంటున్నాడు అనిపిస్తుంది.

కార్డు అనేది మా ఇంటికి మొదట వచ్చింది 2009, 2010లో. సోంపేట బీలలో థర్మల్ ప్లాంటు పెడతామన్న రోజులవి. బీలంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఊళ్ళకీ సముద్రానికీ మధ్య ఉన్న చిత్తడి నేల. చేపలు, పశువుల మేత, పక్షులు, చుట్టూ పొలాలకి నీళ్ళు. కాగితాల్లో మాత్రం అది పనికిరాని భూమి. ఆ రోజుల్లో మా ఊళ్ళకి రాని మనిషి లేడు. విలేకరులు, లాయర్లు, పర్యావరణం వాళ్ళు, నాయకులు. వచ్చిన ప్రతివాళ్ళూ జేబులోంచి కార్డు తీసి ఇచ్చేవాళ్ళు. "ఏదైనా అయితే ఫోన్ చెయ్యండి" అనేవాళ్ళు. చదువు రాని మా అమ్మ ఆ కార్డులన్నీ హార్లిక్స్ సీసాలో వేసి దాచింది. రంగురంగుల కార్డులు. సీసా నిండిపోయింది.

2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగాయి. మనుషులు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటుకిచ్చిన అనుమతిని కొట్టేసింది. ఆ కబురు మాకు చేరేసరికే ఇక్కడ రక్తం నేల మీద ఉంది. ఆ రాత్రి మా పేట కుర్రాడొకడు ఇంటికి రాలేదు. స్టేషన్లో ఉన్నాడో, ఆసుపత్రిలో ఉన్నాడో తెలియదు. అమ్మ సీసా తెచ్చి చాప మీద బోర్లించింది. నేను ఒక్కో కార్డూ తీసి నంబరు కొడుతూ పోయాను. కొన్ని మోగి ఆగిపోయాయి. కొన్ని స్విచ్చాఫ్. ఒకటి ఎవరో గుమాస్తా ఎత్తి, సార్ పడుకున్నారు అన్నాడు. చివరికి ఒక లాయరు ఎత్తాడు. ఆయన కార్డు ముందువైపు ఆఫీసు నంబరుంది. వెనకవైపు పెన్నుతో ఇంటి నంబరు రాసి ఇచ్చి ఉన్నాడు. నేను కొట్టింది ఆ పెన్నుతో రాసిన నంబరు. తెల్లారేసరికి కుర్రాడు ఎక్కడున్నాడో తెలిసింది. బతికే ఉన్నాడు.

అచ్చు వేసిన నంబరు అందరిదీ. చేత్తో రాసిచ్చిన నంబరు నీది. ఆ రాత్రి నేర్చుకున్నది ఇది.

ఇక నా సంగతి. 2017లో నా మొదటి పుస్తకం వచ్చింది. అయిదొందల కాపీలు. దానితోపాటే వెయ్యి కార్డులు కొట్టించాను. ఏడొందల రూపాయలయింది. కార్డు మీద ఏమేం వేయించానో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. పైన బాబాసాహెబ్ బొమ్మ. కింద నా పేరు. దాని కింద కవి, కథకుడు, వక్త, అనువాదకుడు, సామాజిక కార్యకర్త. అయిదు బిరుదులు. నేను పంపిన అక్షరాలు డీటీపీ షాపులో అను ఫాంటులోకి మారేటప్పుడు చివరి ఒత్తు ఎగిరిపోయింది. వెయ్యి కార్డుల మీదా నేను సామాజిక కార్యకరనే. అంతకన్నా పెద్ద తప్పు నేను తర్వాత గమనించాను. పుస్తకం పేరే కార్డు మీద లేదు.

ఇంకో తప్పుంది. అది పొరపాటు కాదు, తెలిసే చేశాను. ఇంటిపేరు వేయలేదు. ఒక్క అక్షరం, పక్కన చుక్క. మా ఇంటిపేరు వింటే మా జిల్లాలో ఎవరికైనా మేము ఎవరిమో తెలిసిపోతుంది. ఆ చుక్క వెనక దాక్కున్నాను.

ఒక పట్నంలో సాహిత్య సభకి వెళ్ళాను. ఏ ఊరో, ఏ సభో అనవసరం. టీ దగ్గర ఒక పెద్దాయనకి వినయంగా రెండు చేతులతో కార్డు ఇచ్చాను. ఆయన ముందు చూశాడు, వెనక చూశాడు.

"ఈ అక్షరం అంటే ఏమిటండీ?" అన్నాడు.

చెప్పలేదు. నవ్వాను.

"ఏ ఊరు?"

"సోంపేటండి."

"సోంపేటలో ఎక్కడ?"

వీధి పేరు చెప్పాను. ఇక ఇంటిపేరు చెప్పాల్సిన పని లేకుండా పోయింది. ఆయన ఏమీ అనలేదు. కసురుకోలేదు, దూరం జరగలేదు. "మంచిది, రాస్తూ ఉండండి" అన్నాడు. కార్డు బల్ల మీద పెట్టాడు, దాని మీద టీ కప్పు పెట్టాడు. సభ అయ్యాక అందరూ వెళ్ళిపోయాక చూస్తే కార్డు అక్కడే ఉంది. నా పేరు చుట్టూ గుండ్రంగా టీ మరక. కార్డు తీసి జేబులో వేసుకున్నాను. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది.

రైల్లో తిరిగి వస్తుంటే బరోడా గుర్తొచ్చింది. బాబాసాహెబ్ అమెరికాలో చదువుకుని వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్ళినప్పుడు ఆయనకి ఉండటానికి ఇల్లు దొరకలేదు. ఒక పారసీ సత్రంలో పారసీ పేరు రాయించుకుని దిగాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని పారసీలు వచ్చి నిలబడ్డారు. ఆ రోజే సత్రం ఖాళీ చేయాల్సి వచ్చింది. అంత చదువు, అన్ని డిగ్రీలు ఉన్న మనిషికే తన పేరుతో ఒక గది దొరకలేదు. నేను అయిదు బిరుదులు వేసుకుని ఒక చుక్క వెనక దాక్కుంటే ఎన్నాళ్ళు దాగుతాను? కంచిలిలో రైలు దిగేసరికి నిశ్చయించుకున్నాను. ఇంకోసారి కార్డు వేస్తే ఇంటిపేరు మొత్తం వేస్తాను.

ఆ ఇంకోసారి తిత్లీ తెచ్చింది. 2018 అక్టోబరు 11. ఆ తుఫాను గురించి ఉద్దానం వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. తరాల కొబ్బరి చెట్లు, జీడి తోటలు ఒక్క రాత్రిలో నేల మీద పడుకున్నాయి. మా ఇంటి రేకులు ఎగిరిపోయాయి. మంచం కింద మిగిలిన నూట ఎనభై పుస్తకాలు నీళ్ళలో ఉబ్బిపోయాయి. అమ్మ వాటిని ఎండలో పరిచి ఒక్కో పేజీ విడదీయబోయింది. విడిపోలేదు. పొయ్యిలోకి కూడా సరిగ్గా పనికిరాలేదు.

పుస్తకాలు పోయాయి. ఊళ్ళ వెంట వెళ్ళిపోయిన కార్డులు మాత్రం ఎక్కడో బతికే ఉన్నాయి. తుఫాను తర్వాత రెండు నెలలకి ఫోన్లు మొదలయ్యాయి. బరంపురం నుంచి ఒక తెలుగు మాస్టారు, గాజువాక నుంచి ఒక ఫిట్టరు, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామె కూతురు. ఆ అమ్మాయి చెప్పిన మాట చూడండి. "మా అమ్మకి చదవడం రాదు సార్. జీడి కొట్టి కొట్టి వేళ్ళు నల్లగా ఉంటాయి. మీ కార్డు మాసిపోతుందని కొంగుకి చుట్టి తెచ్చింది." పుస్తకం కావాలంది. నా దగ్గర పుస్తకం లేదు. అప్పు చేసి రెండో ముద్రణ వేశాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ వెయ్యి తప్పుల కార్డులే నా చేత రెండో ముద్రణ వేయించాయి.

రెండో కార్డులో బిరుదులు తీసేశాను. ముందువైపు పుస్తకం అట్ట బొమ్మ, పుస్తకం పేరు, వెల. కింద ఇంటిపేరుతో సహా నా పేరు, ఫోను నంబరు, డబ్బులు పంపడానికి స్కాన్ చేసే చదరం. వెనకవైపు మొత్తం ఖాళీ. చేత్తో రాయడానికి.

ఈ విజిటింగ్ కార్డు పుట్టుకే గుమ్మం దగ్గర మిత్రులారా. దొరల కాలంలో బంగళా గేటుకి ఒక చిన్న పెట్టె వేలాడేది. దొరసాని ఇంట్లో లేరు అని దాని మీద రాసి ఉండేది. ఆమె లోపలే ఉండొచ్చు. వచ్చినవాళ్ళు కార్డు అందులో వేసి వెళ్ళాలి. బయట నిలబడటంలో మనకున్న అనుభవం ఇంకెవరికుంది? మనకి కార్డు ఒక్కటే లేదు. జాషువా 1941లో గబ్బిలం రాశాడు. అందులో అంటరాని మనిషి శివుడికి గబ్బిలంతో కబురు పంపుతాడు. గుడిలోకి తాను పోలేడు, గబ్బిలం పోతుంది. మూడున్నర అంగుళాల అట్టముక్కని అంత పెద్ద కావ్యంతో పోల్చడం లేదు. కానీ నన్ను పిలవని ఇళ్ళలోకి కార్డు వెళ్ళింది. కొన్ని చోట్ల టీ కప్పు కిందకి, కొన్ని చోట్ల కొంగు ముడిలోకి.

మన పుస్తకాలకి షాపు దారి ఎప్పుడూ ఇరుకే. నా పుస్తకాలు ఒక షాపులో పెడితే నలభై శాతం కమీషన్ అన్నారు, సరే అన్నాను. ఏడాది తర్వాత వెళ్తే కట్ట విప్పకుండానే ఉంది. బాబాసాహెబ్ సంగతే చూడండి. 1936లో లాహోరు సభకి పిలిచారు, ఉపన్యాసం ముందే చదివి భయపడి సభే రద్దు చేసుకున్నారు. ఆయన ఆ ఉపన్యాసాన్ని సొంత ఖర్చుతో పుస్తకం వేశాడు. అదే కులనిర్మూలన. 1500 కాపీలు రెండు నెలల్లో అయిపోయాయి. ఇవాళ్టికీ నాగపూర్ దీక్షాభూమికి దమ్మచక్ర దినం నాడు వెళ్ళండి, డిసెంబరు 6న దాదర్ శివాజీ పార్కుకి వెళ్ళండి. కూలి చేసుకునే మనిషి కూడా సంచిలో పుస్తకం వేసుకుని రైలెక్కుతాడు. మన పుస్తకం చేతుల మీదుగా నడుస్తుంది. చేతికీ చేతికీ మధ్య కార్డు ఒక వంతెన.

తమ్ముడికి చెప్పిన పని సంగతులు కూడా ఇక్కడ రాస్తాను. ఎవరికైనా పనికొస్తాయి.

సభలో కుర్చీ కుర్చీకి కార్డులు పంచొద్దు. సభ అయ్యాక అవి నేల మీద ఉంటాయి, ఊడ్చేది మళ్ళీ మనవాళ్ళే. ముందు మాట్లాడు. ఆ మనిషి ఊరు, పని అడుగు. తర్వాత ఇవ్వు. వెనక ఏదో ఒకటి చేత్తో రాసి ఇవ్వు. పుస్తకం ఊరికే ఇచ్చే చోట కార్డు ఇవ్వు. ఊరికే ఇచ్చిన పుస్తకం అలమారాలోకి పోతుంది, కార్డు తీసుకుని ఫోన్ చేసినవాడు చదువుతాడు. నేను రాసిపెట్టుకున్న లెక్క ప్రకారం రెండో విడత వెయ్యి కార్డులకి నూటికి దగ్గరగా ఫోన్లు వచ్చాయి. అందులో సగంమంది పుస్తకం కొన్నారు. ఇద్దరు తిట్టారు. ఇంటిపేరు చూసి తిట్టారు. తిట్టినవాళ్ళ దగ్గర కూడా నా పుస్తకం పేరు ఉందని సరిపెట్టుకున్నాను. వెలతోపాటు తపాలా ఖర్చు కూడా ముందే చెప్పు. రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఉన్నన్నాళ్ళు చిన్న రచయితకి అదే దిక్కు. 2024 డిసెంబరులో ఆ సేవ ఆపేశారు. ఇప్పుడు వంద రూపాయల పుస్తకం పంపాలంటే తపాలా ఖర్చు చూసి కొనేవాడు వెనక్కి తగ్గుతున్నాడు. అందుకే సోంపేట, కవిటి, మందస, పలాస వైపు అయితే నేనే బస్సెక్కి ఇచ్చి వస్తాను.

ఇక అసలు చెప్పాలనుకున్నది.

మా చిన్నాన్నకి కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో ఈ మాట రాయడానికి వివరణ అక్కర్లేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. అంతకు ముందు సంగతి ఇది. వారానికి రెండుసార్లు చిన్నాన్నని సోంపేట ఆసుపత్రిలో డయాలసిస్‌కి తీసుకెళ్ళేవాడిని. నాలుగు గంటలు మిషను పక్కన కూర్చోవాలి. పక్క మంచం మీద ఒకాయన ఉండేవాడు. కొబ్బరి చెట్లెక్కి కాయలు దించే పని. ఏడో తరగతి దాకా చదివాడట. ఒకరోజు నా చేతిలో పుస్తకం చూసి అడిగాడు.

"అదెవులు రాసినారు బాబూ?"

"నేనేనండి."

నన్ను కింద నుంచి పై దాకా చూశాడు. "పుస్తకాలు రాసినోళ్ళు బతికుంటారేటి?" అన్నాడు.

చిన్నాన్న ఆ మంచం మీద నుంచే పగలబడి నవ్వాడు. పుస్తకం ఇచ్చాను. డబ్బులు వచ్చే వారం ఇస్తానన్నాడు. కార్డు అడిగి తీసుకున్నాడు. అలవాటుగా వెనక ఏదైనా రాయబోయి, తర్వాత ఇద్దరికీ గుర్తుండాలని 100 అని రాశాను.

తర్వాత వారాల్లో ఆయన మిషను మీద పడుకుని ఒక చేత్తో పుస్తకం పట్టుకుని చదివేవాడు. రోజుకి ఆరేడు పేజీలు. ఒకరోజు నన్ను పిలిచి తప్పు పట్టాడు. "మీ తాత డప్పుని ఎండలో కాసినాడని రాసినారు. అది తప్పు బాబూ. ఎండకి కాదు, మంటకి కాస్తారు. డొక్కల మంట. నా సిన్నప్పుడు నాను సూసినాను." నిజమే. మా తాత కొబ్బరి డొక్కలు రాజేసి డప్పు కాచేవాడు. నేను పక్కన కూర్చుని చూసినవాడినే. రాసేటప్పుడు ఎండ అని రాశాను. నా పుస్తకం మీద వచ్చిన సమీక్షల్లో ఒక్కరూ పట్టుకోలేదు. వంద రూపాయల సంగతి ఆయనా మరిచిపోయాడు, నేనూ మరిచిపోయాను.

తర్వాత కొన్నాళ్ళు ఆయన రాలేదు. ఇలాంటి చోట రాకపోతే అడగడానికి భయం. అడగలేదు.

ఒక సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోను. ఆడమనిషి గొంతు.

"బాబూ, మా ఇంటాయన సొక్కా జేబులో మీ కార్డుంది. ఎనకాల వంద అని రాసుంది. మీకేటైనా బాకీ ఉన్నాడా?"

నాకు మాట రాలేదు. లేదమ్మా, ఏమీ లేదు అన్నాను. ఆమె నమ్మలేదు. "మరెందుకు రాసుంది? సచ్చిపోయినోడి మీద బాకీ ఉంచకూడదు బాబూ. సెప్పండి."

చెప్పాను. పుస్తకం సంగతి, డప్పు సంగతి, అన్నీ చెప్పాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. "ఆ పుస్తకం ఇంట్లోనే ఉంది. మా గుంట సదువుతంది" అంది. అయిదు నిమిషాలకి ఆ పిల్ల ఫోను నుంచి వంద రూపాయలు వచ్చి పడ్డాయి. వెనక్కి పంపుదామని వేలు పెట్టి ఆగిపోయాను. పంపితే ఆమె మాట తీసేసినట్టు అవుతుంది. ఉంచుకున్నాను. ఆ తర్వాతి ముద్రణలో ఎండ తీసి మంట అని సరిచేశాను.

తమ్ముడికి ఇదంతా చెప్పాక కాసేపు ఊరుకున్నాడు. తర్వాత అడగాలనుకున్నది అడిగాడు.

"ఇంటిపేరు మొత్తం వెయ్యాలా అన్నా? నాను కాలేజీల్లో గెస్టు లెక్చరర్ పనికి అడుగుతన్నాను. కార్డు అక్కడా ఇవ్వాల కదా."

నేను వెయ్యి అనలేదు, వద్దు అనలేదు. ఉద్యోగం నాది కాదు, ఆకలి నాది కాదు. టీ మరక కార్డు ఒకటి, కొత్త కార్డు ఒకటి తెచ్చి అతని ముందు పెట్టాను. రెండూ తిప్పి తిప్పి చూశాడు. అమ్మ పెట్టిన అన్నం తిని, నా పుస్తకం కొనుక్కుని, తన పుస్తకం నాకు అమ్మి, బస్సెక్కాడు.

రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో బొమ్మ వచ్చింది. డీటీపీ షాపు నుంచి ప్రూఫు. పుస్తకం పేరు, వెల, నంబరు, వెనక అంతా ఖాళీ. ముందువైపు కింద అతని పేరు, ముందు ఇంటిపేరు పూర్తిగా. పేరు చివర ఒత్తు ఎగిరిపోయింది.

"ఒత్తు పోయింది తమ్ముడూ, వేయించాక అచ్చుకివ్వు" అని రాసి పడుకున్నాను.

వచ్చే వారం తిత్లీలో తడిసిన పుస్తకాల కట్టని అమ్మ ఇంకా ఎందుకు దాచిందో రాస్తాను.

జై భీమ్.